కట్టేసి వచ్చిన ఆవు

జెబా తలుపు తట్టేసరికి ప్రొఫెసర్ ఓనుమా రికార్డర్‌ను పెదవుల దగ్గర పెట్టుకుని జపనీసులో మాట్లాడుతోంది. "ఇవాళ ఎండగా ఉంది. నా పేరు హిసాయే ఓనుమా." మీట నొక్కి తన గొంతు తానే విని, తలూపి, సంచిలో వేసుకుంది. కార్ఖానా అనే బస్తీలోని లాడ్జిలో దిగినప్పటి నుంచి రోజూ ఇదే వరస. ఎప్పుడో ఒక ముసలాయన చెప్పిందంతా రికార్డు కాలేదట. మళ్ళీ వెళ్ళేసరికి ఆయనే లేడట.

అరవై దాటిన మనిషి. పొట్టిగా, బక్కపలచగా ఉంటుంది. చెవుల మీదికి కత్తిరించిన నెరిసిన జుట్టు, మోకాళ్ళ దగ్గర వెలిసిన నల్ల ప్యాంటు. జపాన్‌లో ఒక చిన్న కాలేజీలో సమాజశాస్త్రం చెబుతుంది. ఫుకుషిమాలో అణు ప్రమాదం జరిగి ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయినప్పటి నుంచి, అలా వచ్చేసినవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ మాటలు వినడమే ఆమె పని. పేరు మోసిన పుస్తకమేదీ రాయలేదు. పదిమంది గుర్తుపట్టే ముఖమూ కాదు.

జెబా కూడా అంతే. మల్కాజ్‌గిరిలో ఇంట్లో కూర్చుని జపాన్ యంత్రాల వాడకం పుస్తకాలు అనువదిస్తుంది. ఏ బోల్టు ఎంత బిగించాలో చెప్పే వాక్యాలు ఏడవవు, కోప్పడవు. మనుషుల మధ్య కూర్చుని ఒకరి మాటలు ఇంకొకరి భాషలోకి మార్చడం ఆమెకు ఈ వారమే మొదలు.

ఇద్దరూ ఎక్కిన ఆటో ఆ బస్తీ దాటుతుండగా ఓనుమా ఫోను మోగింది. ఆమె రెండుసార్లు "హై", అంటే సరే, అని మాత్రం అని పెట్టేసింది.

"తమ్ముడు. ఆసుపత్రి నుంచి. అమ్మకు ఊపిరి అందడం లేదట."

"వెనక్కి పోదామా సెన్సేయ్?" అంది జెబా. టీచరమ్మా అని పిలవడం అది.

"నా విమానం రాత్రికి. దానికి ముందు ఏదీ లేదు. లాడ్జి గోడలు చూస్తూ కూర్చుని ఏం చేయను?" కాసేపాగి అంది. "మనం పోయే చోట ఎవరికీ చెప్పకు. చెబితే వాళ్ళు నన్ను ఓదారుస్తారు. వాళ్ళు చెప్పుకోవలసింది గొంతులోనే ఉండిపోతుంది."

జెబా సరేనంది.

సీతాఫల్‌మండిలో శ్యామలమ్మది పిండి గిర్ని. దాని మీది గదిలో ఎర్రకుంట అనే ఊరివాళ్ళు పదిహేను మంది దాకా చాపల మీద కూర్చున్నారు. ఎర్రకుంటలో అణు విద్యుత్ కేంద్రం పెడతామని అధికారులు వచ్చిపోతున్నారు. ఊరి మాట ఏమిటో రేపు వాళ్ళ ముందు చెప్పాలి. చెప్పవలసినవాడు ఊరి పెద్ద జంగయ్య. శ్యామలమ్మకు సొంత తమ్ముడు. ఆయన సరేనంటాడు, ఆమె వద్దంటుంది. ఈ గొడవ మొదలయ్యాక ఇద్దరికీ మాటల్లేవు. ఫుకుషిమా సంగతి తెలిసినామె నగరానికి వచ్చిందని విని శ్యామలమ్మే కబురు పెట్టింది. జంగయ్య వచ్చాడు గానీ, ఓనుమాను అక్క తెచ్చిన సాక్షిని చూసినట్టు చూశాడు.

"ఒక్కటే మాట అడుగు బిడ్డా," అన్నాడు జెబాతో. "మా ఊర్ల పెడితే పేలుతదా, పేలదా? సీదా చెప్పుమను."

"నాకు తెలియదు. నేను ఇంజనీరును కాను," అంది ఓనుమా.

శ్యామలమ్మ ముఖం వాడిపోయింది. జంగయ్య నవ్వాడు. "మల్ల ఎందుకు పిలిపిచ్చిండ్రు?"

"పేలిన తర్వాత మనుషులు ఏమయ్యారో మాత్రం తెలుసు."

ఆమె చెబుతూ పోయింది. పరిహారం అందినవాళ్ళు, అందనివాళ్ళు ఎదురుపడితే తల తిప్పుకున్న సంగతి. కొత్త బడిలో అక్కణ్ణుంచి వచ్చిన పిల్లల పక్కన ఎవరూ కూర్చోని సంగతి. అంతకుముందు చాలా ఏళ్ళు ఆ కేంద్రమే ఊరికి నౌకరీలిచ్చిందనీ, రోడ్లు వేసిందనీ కూడా చెప్పింది. శ్యామలమ్మకు ఆ మాట నచ్చలేదు. ఓనుమా ఆపలేదు.

చాప మీద ఫోను వణికింది. ఓనుమా దాన్ని బోర్లించింది. మళ్ళీ వణికింది. జెబా చెబుతున్న వాక్యం మధ్యలో తెగిపోయింది.

"ఎత్తుమను," అన్నాడు జంగయ్య. "మా ముచ్చట కన్న పెద్ద పనే ఉన్నట్టున్నది."

జెబా తల దించుకుంది.

"ఏమన్నారు?" అడిగింది ఓనుమా.

"ఏం లేదు."

"జెబా, ఉన్నదంతా చెప్పు."

జెబా చెప్పింది. ఓనుమా జంగయ్యకు తల వంచి, ఫోను సంచి అడుగున పెట్టింది. వణుకు సంచిలోంచి వినిపిస్తూనే ఉంది.

జంగయ్య లేచాడు. "విమానమెక్కి వచ్చింది, విమానమెక్కి ఇంటికి పోతది. మా పోరగాండ్లకు ఈమె ఇస్తదా నౌకరి? ఊరు ఇడిసిపెట్టుడంటే ఈమెకేం ఎరుక?" కండువా దులిపి తలుపు దాకా వెళ్ళాడు. ఆయన వెనకే నలుగురు లేచారు.

"పోయేటోళ్ళను పోనియ్యుండ్రి," అంది శ్యామలమ్మ, గోడ వైపు చూస్తూ.

గడప మీద జంగయ్య ఆగాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పశువుల వెంట తిరిగిన మనిషి.

"పసులను ఏం చేసిండ్రు?" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"బస్సుల్లో ఎక్కనివ్వలేదు. కొందరు విప్పి వదిలేశారు. కొందరు కట్టేసి వచ్చారు."

"కట్టేసి వచ్చిండ్రా!" ఈసారి తిరిగాడు. గొంతులో నిజమైన కోపం. "గట్లెట్ల చేస్తరు? మనుషులేనా వాళ్ళు?"

జెబా ఆ మాటను యథాతథంగా చెప్పింది. ఓనుమా మెల్లగా ఏదో చెప్పింది. అందులో ఒక్క మాట దగ్గర జెబా నోరు ఆగిపోయింది. 'హహ.' జపనీసు నేర్చుకునేటప్పుడు మొదటి పాఠంలో ఆ మాటకు క్లాసంతా పకపకా నవ్వింది. వేరేవాళ్ళ అమ్మకు వాడే మాట వేరు. తనను కన్న అమ్మ గురించి పరాయివాళ్ళతో చెప్పేటప్పుడు జపాన్‌వాళ్ళు 'హహ' అంటారు.

పొరపాటున జారిందేమోనని జెబా ఆమె వైపు చూసింది. ఓనుమా కళ్ళెత్తకుండానే అంది, "చెప్పు."

"విప్పితే ఆవు రోడ్డు మీదికి పోతదని భయపడ్డదంట. రెండు దినాలల్ల మల్లొస్తమనుకున్నదంట. గడ్డేసి, తొట్టి నిండ నీళ్ళు పోసి, కట్టేసి వచ్చిందంట." జెబా జంగయ్య వైపు తిరిగింది. "వాళ్ళమ్మ, మామా. ఈమెను కన్నతల్లి."

"మల్ల పోయిందా, సూడనీకి?" జంగయ్య గొంతు దిగింది.

"పోనివ్వలేదు. ఇప్పటికీ తెల్లవారుజామున లేచి, తొట్టిలో నీళ్ళు పోసొస్తానంటుంది."

'అంటుంది' అన్నప్పుడు జెబా నాలుక తడబడింది. సంచిలో ఫోను ఎప్పుడు ఊరుకుందో ఆమె గమనించలేదు.

జంగయ్య వచ్చి తన చోట కూలబడ్డాడు. నేల మీద వేలితో ఏదో గీశాడు, చెరిపాడు. తలెత్తాడు.

"అక్కా, ఇన్ని నీళ్ళియ్యి."

శ్యామలమ్మ చెంబు నిండా నీళ్ళు తెచ్చి తమ్ముడి చేతికిచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకున్నాడు. "రేపు నేను సరే అనను. వద్దని సుత అనను. గది పేలితే మనుషులను ఎట్ల తీస్కపోతరు, పసులను ఎట్ల తీస్కపోతరు, మల్ల ఎప్పుడు రానిస్తరు, గవి చెప్పుమంట. చెప్పినంకనే మా మాట."

"గట్లనే అను," అంది శ్యామలమ్మ. ఆమె కోరింది అది కాదు. అయినా తమ్ముడి ముఖంలోకి చూసే అంది.

అందరూ దిగిపోయాక ఓనుమా మూలన ఉన్న నల్లా దగ్గర ముఖం కడుక్కుంది. జేబులోంచి నీలి రంగు చేతి తువాలు తీసి తుడుచుకుని, నీళ్ళలో జాడించి, కిటికీ చువ్వ మీద ఆరేసింది. అప్పుడు ఫోను తీసి చూసింది. తమ్ముడు పంపింది ఒక్క వరుస.

"పోయింది," అంది. సంచి భుజాన వేసుకుంది. పట్టీ సరిచేసుకోవడానికి మూడుసార్లు ప్రయత్నించింది. జెబా సాయం చేయబోతే వద్దన్నట్టు తలూపింది. "లాడ్జికి నేనొక్కదాన్నే పోతాను."

కింద జంగయ్య ఆటో ఆపి ఉంచాడు. ఓనుమా ఎక్కబోతుంటే ముందుకు వంగి అడిగాడు. "మీ అమ్మ పానం ఎట్లున్నదిప్పుడు?"

జెబా ఆ ప్రశ్నను జపనీసులోకి మార్చింది. ఇంత చిన్న వాక్యం ఇంత బరువుంటుందని ఆమెకు తెలియదు.

ఓనుమా ఆయనకు నడుం దాకా వంగి నమస్కరించి, నాలుగు మాటలు చెప్పింది.

"అడిగినందుకు సంతోషమంట, మామా," అంది జెబా. "ఇప్పుడు ఏ తక్లీఫ్ లేదంట."

"ఉండది. పసులను సాదిన చెయ్యి," అన్నాడు జంగయ్య తృప్తిగా.

ఆటో స్టేషను రోడ్డు వైపు మళ్ళి కనుమరుగైంది. కింద శ్యామలమ్మ గిర్ని ఆన్ చేసింది. తన సంచి తెచ్చుకుందామని జెబా పైకి వెళ్ళేసరికి గదంతా సన్నగా అదురుతోంది. మెట్ల మీదుగా లేచి వస్తున్న పిండి, కిటికీ చువ్వ మీద ఇంకా తడి ఆరని నీలి తువాలు మీద మెల్లగా వాలుతోంది.