ఎర్రగళ్ల టువాల

దేవేంద్రప్ప సత్తు గ్లాసులో టీ పోసి, అలవాటుగా పెదవుల దాకా తెచ్చి ఆగిపోయాడు. ఏడేళ్లుగా ప్రతి ఉదయం మొదటి గుక్క అతనిదే. వేడి చూసి, అదే గ్లాసును బోను చువ్వల మధ్య నుంచి లోపలికి అందించేవాడు. లచ్చి రెండు చేతులా పట్టుకుని తాగి, గ్లాసు అంచును కాసేపు కొరికేది. అంచు పొడవునా దాని పళ్ల గుర్తులే.

అతను గ్లాసును బోను పక్కన, లచ్చికి అందకుండా నేలమీద పెట్టి, దూరంగా వెళ్లి దగ్గాడు.

లచ్చి చింపాంజీ. ఊరూరా తిరిగే జంతు ప్రదర్శనకు జనం వచ్చేది దానికోసమే. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు పక్కన గుడారాలు వేసి ఇరవై రోజులైంది. ఆ రోజుల్లో ఇలాంటి జంతువులను ఉంచే పద్ధతి అంతే: నాలుగడుగులు వేస్తే అయిపోయే బోను, చెక్క నేల, పడుకోవడానికి గోనెసంచి. సాయంత్రమైతే చొక్కా తొడిగి, కుర్చీలో కూర్చోబెట్టి, జనం ముందు టీ తాగించడం. పెద్ద నగరాల జంతుశాలల్లో చెక్కకు బదులు సిమెంటు ఉండేది. అది తప్పని ఎవరికీ తోచలేదు. దేవేంద్రప్పకూ తోచలేదు. జనం వెళ్లిపోయాక అతను చువ్వలకు వీపు ఆనించి కూర్చునేవాడు. లచ్చి వేళ్లు చాచి అతని జుట్టు పాయలు తీసి వెతికేది. ఎమ్మిగనూరులో మగ్గం వదిలి వచ్చి, పెళ్లి లేకుండా గడిపిన ఆ మనిషి తలమీద చేయి వేసింది అదొక్కటే.

నాలుగు రోజుల కిందట ఆసుపత్రిలో డాక్టరు క్షయ అని చెప్పాడు. ఎవరితోనూ ఒకే గ్లాసులో తాగవద్దన్నాడు. దేవేంద్రప్ప తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

"సార్, చింపాంజీకి గూడా అంటుకుంటాదా?"

డాక్టరు నవ్వలేదు. "మనుషులకు అంటుకున్నట్టే," అన్నాడు.

లచ్చికి ఇంకా దగ్గు లేదు. డాక్టరు చెప్పిన మర్నాడే అతను బోను పని తోటి పనివాడు మాదన్నకు అప్పగించాడు. మూడు రోజులుగా లచ్చి మాదన్న చేతి తిండి ముట్టలేదు. అందుకే ఈ ఉదయం ఉండబట్టలేక తనే టీ పోశాడు. సాయంత్రానికి లారీలు అతను లేకుండానే గుంతకల్లుకు బయలుదేరతాయి. ఈలోగా అది మాదన్న చేతి తిండి తినాలి.

మాదన్న చెంప తుడుచుకుంటూ వచ్చాడు. లచ్చి విసిరిన అరటిపండు చెవి దాకా పూసుకుంది.

"నా మొగం దానికి నచ్చల్యాదప్పా. పెండ్లిసూపులకు పోయినప్పుడు గూడా ఇంత మర్యాద సేయలేదు నాకు."

"మొగం కాదు మాదన్నా. దానికి నేను తలకు సుట్టిన టువాలతోనే గుర్తు."

"అట్లయితే నీ టువాల నాకియ్యి."

"నాది వద్దు. మా బసమ్మ కొత్తది తెస్తాంది."

బసమ్మ అతని చెల్లెలు. ఏటా అన్నకు తన మగ్గం మీద ఒకే రకం టువాల నేస్తుంది: తెల్లటి నూలు మీద ఎర్రగళ్లు. మధ్యాహ్నం ఎమ్మిగనూరు బస్సు దిగి, ఎండలో నడుచుకుంటూ వచ్చింది.

"ఆడనే నిలబడు బసమ్మా. మాదన్న సేతికియ్యి."

"నేసింది నీకు గదన్నా. నువ్వు ముట్టకుండానే ఇంగొకరికియ్యాల్నా?"

"నేను ముట్టగూడదనే గదా నిన్ను తెమ్మనింది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, టువాలను మాదన్నకు ఇచ్చింది. సద్దిమూటను మాత్రం అన్నకు కాస్త దూరంలో నేలమీద పెట్టింది.

బోను ముందు ఆలూరు రైతులు ఇద్దరు నిలబడి ఉన్నారు.

"దీనికి తోక యాడప్పా?" అన్నాడు ఒకడు.

"రైల్లో మర్సిపోయొచ్చింది," అన్నాడు మాదన్న.

ఏడేళ్లుగా ఆ జవాబు దేవేంద్రప్పది. అతను పత్తి బోరాల వెనక్కి, లచ్చికి కనబడని చోటికి వెళ్లి నిలబడ్డాడు.

మాదన్న టువాలను తలకు చుట్టాడు. దేవేంద్రప్ప చెప్పినట్టే చువ్వలకు వీపు ఆనించి, వెనక్కి చూడకుండా, భుజం మీదుగా అరటిపండు పట్టుకున్నాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. దేవేంద్రప్పకు దగ్గు వచ్చింది. తన పాత టువాలను నోట్లో కుక్కుకుని ఆపుకున్నాడు.

లచ్చి ముందుకు వచ్చింది. ఎర్రగళ్లను వేలితో తాకింది. పండు తీసుకుంది. తొక్క ఒలవకుండానే తింది. రెండోది కూడా తింది. ఆ తరువాత టువాల అంచు పైకి తీసి, మాదన్న జుట్టులోకి వేళ్లు పోనిచ్చింది.

దేవేంద్రప్ప తన తలమీద చేయి పెట్టుకుని, వెంటనే తీసేశాడు.

సాయంత్రం బోనును లారీ ఎక్కించారు. మాదన్న దానిపక్కనే కూర్చున్నాడు. చువ్వల్లోంచి ఒక నల్లని చేయి ఎర్రగళ్ల కొసను పట్టుకుని ఉంది.

"బస్సుకు పొద్దుపోతాంది, పోదామా అన్నా," అంది బసమ్మ.

"లారీ మలుపు తిరగనీ."

మలుపు తిరిగింది. ఇద్దరూ కాస్త ఎడంగా నడిచి వెళ్లిపోయారు. బోను ఉన్న చోట ఫినాయిలు తడి నలుచదరంగా మిగిలింది. దాని పక్కన సత్తు గ్లాసు ఉంది. అందులో ఉదయం పోసిన టీ మీగడ కట్టి, ఎవరూ తాగకుండా, పళ్ల గుర్తుల అంచు దాకా అలాగే నిండుగా ఉంది.