కొడవలి కోసిన తుంగ

గేదె ఒంటరిగా ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. దాని వెనక బుల్లియ్య లేడు.

భార్య నూకరత్నం అల్లుతున్న చాప వదిలేసి వీధి చివరిదాకా వెళ్లి చూసింది. రోజూ పన్నెండు కాకముందే గేదెను తోలుకొచ్చే మనిషి. పైగా ఫిట్స్ ఉన్న మనిషి. మాత్రలు వేసుకున్నా నెలకోసారి పడిపోతాడు. పడినచోట జానెడు లోతు నీళ్లున్నా చాలు, ప్రాణం పోవడానికి. అతని ఫోనేమో ఇంట్లోనే ఛార్జింగ్‌లో ఉండిపోయింది.

కబురు తెలిసిన అరగంటలో మరిది అప్పాజీ నలుగురిని వెంటబెట్టుకుని ఉప్పుటేరు వైపు వెళ్లాడు. బుల్లియ్య రోజూ గేదెను మేపేది ఆ గట్టు మీదే. వెళ్లేముందు పడవ ఒకటి మాట్లాడమని ఎవరికో చెప్పాడు. ఆ మాట నూకరత్నం చెవిన పడింది. బతికున్నవాడి కోసం పడవెందుకు?

గేదెను కట్టేద్దామని దాని మెడ పట్టుకుంది. పలుపులో చిక్కుకున్న నాలుగు తుంగ కాడలు చేతికి తగిలాయి.

ముప్ఫై ఏళ్లుగా తుంగ చాపలు అల్లుతున్న చెయ్యి అది. ఇది ఉప్పుటేరు తుంగ కాదని కళ్లకంటే ముందు వేళ్లే చెప్పాయి. అక్కడి తుంగకు మూడంచులుంటాయి, దూస్తే చర్మం గీసుకుపోతుంది. చాపల తుంగకూ అంచులుంటాయి, కాకపోతే మెత్తన. ఈ కాడ గుండ్రంగా, నున్నగా ఉంది. ఆకన్నది లేదు. కొసన ఉన్న కంకి కూడా కాడంత సన్నమే, ఎక్కడ కాడ అయిపోయి ఎక్కడ కంకి మొదలైందో పోల్చుకోలేనట్టు ఉంది. గోటితో నొక్కింది. టప్‌మంది. బెత్తెడు పైన నొక్కింది. మళ్లీ టప్. లోపలంతా గదులు గదులుగా గాలే.

వాళ్లమ్మ దాన్ని గుల్ల తుంగ అనేది. చీలిస్తే నలిగిపోతుంది, చాపకు పనికిరాదు. మంచినీళ్లు నిలిచే పల్లంలో తప్ప ఉప్పునీటి పక్కన అది మొలవగా నూకరత్నం ఏనాడూ చూడలేదు.

అప్పాజీకి ఫోన్ చేసి చెప్పింది.

“గేదె ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో ఎవరికి తెలుసొదినా! మేస్తుంటే తగులుకునుంటుంది” అన్నాడతను.

“గేదె లాగితే పీచులు పీచులుగా తెగుతుంది. ఇది ఏటవాలుగా, నున్నగా తెగింది. మీ అన్న కొడవలితో కోసి గేదె మీద మోపు కట్టాడు. మోపు జారిపోయి ఇవి మిగిలాయి. ఆయన అక్కడ లేడు, అప్పాజీ!”

“తుంగ చూసి మనిషి జాడ చెప్తావా? ఇక్కడ గట్టు మీద ఎవరో జారిన గుర్తులున్నాయి. నువ్వు ఇంటి దగ్గరే ఉండొదినా, నీకు దణ్ణం పెడతాను.”

ఫోన్ పెట్టేశాడు. నూకరత్నం కాడల్ని బొడ్లో దోపుకుని, పంట కాలువ వెంట పరుగులాంటి నడక మొదలుపెట్టింది.

ఆమెకు తెలిసి గుల్ల తుంగ ఉన్నది శ్మశానం వెనక పల్లంలో. తను అటు వెళ్లి రెండేళ్లయింది. ఇప్పుడు చూస్తే పల్లం లేదు. నాలుగువైపులా ఎత్తైన గట్లు, మధ్యలో రొయ్యల చెరువు, నురగలు కక్కుతూ తిరుగుతున్న ఏరియేటర్లు. గడ్డిపోచ లేదు. “మావా!” అని అరిచింది. మోటార్ల హోరులో తన గొంతు తనకే వినపడలేదు. గట్టు మీద కూలబడిపోయింది. అప్పాజీ మాటే నిజమేమో. ఈపాటికి ఆ పడవలో...

ఆ ఊహను తోసేసి లేచింది. ఇంకెక్కడ? ఇంకెక్కడ? చిన్నప్పుడు అమ్మతో తుంగకు తిరిగిన చోట్లన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది. అన్నీ చెరువులే అయ్యాయి. పిల్లకాలువ చివర, నీరు ఎటూ పారని ఎకరం నేల ఒక్కటే మిగిలింది. ఈమధ్యే దాన్నీ చెరువుకిచ్చేశారని బుల్లియ్యే చెప్పాడు. తవ్వేలోగా మేత కోసుకుందామని వెళ్లాడా?

ఎండ వాలిపోతుండగా అక్కడికి చేరింది. సగం నేల మీద నడుమెత్తు గుల్ల తుంగ పచ్చగా నిలబడి ఉంది. మిగతా సగాన్ని పొక్లెయిన్ తవ్వి, అంచు వెంబడి మట్టి పోసుకుంటూ వస్తోంది. చేతులు ఊపుతూ దానికి అడ్డం వెళ్లింది. డ్రైవర్ బండి ఆపి తల బయటపెట్టాడు.

“ఏంటమ్మా, మీద పడిపోతున్నారు!”

“మా ఆయన ఇటొచ్చాడు బాబూ. గేదెతో.”

“పొద్దున ఎవరో గడ్డి కోస్తున్నారండి. భోజనం చేసొచ్చేసరికి లేరు. వెళ్లిపోయారనుకున్నానండి.”

ఆమె తుంగలోకి దిగింది. మోకాళ్ల దాకా బురద. కొంత దూరాన కాడలు మొదళ్లకంటా కోసి ఉన్నాయి, అన్నీ ఏటవాలుగా. ఆ కోత వెంబడే నడిచింది. కోత ఆగినచోట నేల కూడా ఆగిపోయింది. కింద, గట్టు పునాది కోసం నిన్న తవ్విన కందకం.

బుల్లియ్య అందులో ఉన్నాడు. ఒక కాలు ఒంటి కింద మడతపడి, నడుం దాకా బురదలో, తల మాత్రం వాలుకు ఆనుకుని. పెదాలు నల్లబడ్డాయి. పిలిస్తే పలకలేదు. జారుతూ దిగి ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. ఊపిరి తగిలింది, తగిలీ తగలనట్టు.

“బాబూ! ఉన్నాడు! రా బాబూ!”

డ్రైవర్ కందకంలోకి చూసి కొయ్యబారిపోయాడు. అతను ఇంక పోయబోయే మట్టి అందులోకే. వెనక్కి పరిగెత్తి, బండి బకెట్‌ను నెమ్మదిగా కిందికి దించాడు. ఇద్దరూ కలిసి బుల్లియ్యను అందులోకి చేర్చారు.

ఆటోలో భీమవరం వెళ్తుంటే మళ్లీ ఫిట్స్ వచ్చింది. ఆమె అతన్ని పక్కకు తిప్పి పట్టుకుని, దారి పొడుగునా పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. అప్పాజీ ఆస్పత్రికి వచ్చి వదిన ముఖం చూడలేక గోడకేసి తిరిగి నిలబడ్డాడు. కాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగిందని, తెలివి ఎప్పుడొస్తుందో చెప్పలేమని అన్నారు డాక్టరుగారు.

మూడో రోజు పొద్దున బుల్లియ్య కళ్లు తెరిచి చాలాసేపు ఆమెనే చూశాడు.

“రత్నం, దాహం” అన్నాడు.

ఆమె గ్లాసు ఎత్తింది. సగం నీళ్లు దుప్పటి మీద ఒలికాయి. నర్సు కసిరింది. నూకరత్నం గ్లాసు పట్టుకునే నేల మీద కూర్చుండిపోయి, ఆ మూడు రోజుల్లో మొదటిసారి ఏడ్చింది.