మొదటి లైకు అక్కదే

దారాలక్క టేపు వాడదు. ఆ వీధిలో ఇది అందరికీ తెలిసిన సంగతే. కొలతలివ్వడానికి వచ్చిన మనిషిని ఎదురుగా నిలబెట్టి, ఒక తెల్ల దారం తీసుకుని, భుజానికి ఒంటి ముడి, నడుముకి జంట ముడి, చేతి పొడవు దగ్గర ఎర్ర పోగు కలిపి ఇంకో ముడి వేసుకుంటూ పోతుంది. చివర ఆ మనిషి తెచ్చిన గుడ్డలోంచే చిన్న పీలిక కట్టి, దారాన్ని గోడకున్న మేకుకి తగిలిస్తుంది. ఆరేళ్ల తర్వాత వచ్చినా సరే, వాళ్ల దారం వెతికి తీసి, కొలిచి చూసి, "నడుం రెండు వేళ్లు పెరిగిందమ్మా" అని నవ్వుతుంది. "కొలత ఆవిడ చేతిలోనే ఉంది, టేపు దేనికి?" అని జనం గొప్పగా చెప్పుకునేవారు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె దారాలక్కే.

అసలు గుట్టు ఇద్దరికే తెలుసు. దారాలక్కకి చదువు రాదు. అక్షరాలూ రావు, అంకెలూ రావు. బడికి పంపకపోవడం వల్ల కాదు, పంపారు. పలక మీద రాసినవి ఆమె కళ్ల ముందు ఒక్కచోట నిలిచేవి కావు. నాలుగేళ్లపాటు గోడకుర్చీ వేయించి, మొద్దు అని పేరు పెట్టి, ఆఖరికి బడివాళ్లే విసిగిపోయారు. ఆ పేరు తెలిసినవాళ్లు ఒక్కరూ లేని చోటికి వచ్చి, కత్తెర పట్టి, దారాల లెక్క తనకు తానే కనిపెట్టుకుంది.

రెండో మనిషి ఆమె చెల్లెలు చిట్టి. అక్కకన్నా ఎనిమిదేళ్లు చిన్నది. బస్సు బోర్డులు, మందుల చీటీలు, కరెంటు బిల్లులు, అన్నీ అదే చదివిపెట్టేది. అక్క కత్తిరిస్తే అది కుట్టేది, కొట్లో రాతకోతలన్నీ అదే చూసుకునేది. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు అక్క నెత్తిన చెయ్యి పెట్టి, "నీమీద ఒట్టు, ఎవ్వరికీ చెప్పను" అంది. ముప్పై దాటేదాకా ఆ మాట మీదే నిలబడింది కూడా. అది ఒప్పుకోవాలి.

కొట్టు కోసం ఫోన్లో ఒక పేజీ తెరిచింది చిట్టి. రోజుకో జాకెట్టు ఫొటో పెట్టేది. దానికి పదకొండు లైకులు వచ్చేవి. ఏ జాకెట్టుకైనా ఆ పదకొండే. అందులో మొదటిది అక్కది. చిట్టే అక్కకి ఫోన్ కొనిపెట్టి, "నేనేం పెట్టినా టింగుమంటుంది. వెంటనే ఈ గుండె బొమ్మ నొక్కు. చదవక్కర్లేదు, నొక్కితే చాలు" అని నేర్పింది. ఫోన్లో అక్కకి వచ్చిన విద్య అదొక్కటే. టింగుమనడం ఆలస్యం, కత్తెర పక్కన పెట్టి మరీ నొక్కేది.

ఆ పదకొండు ఎంతకీ పన్నెండు కాలేదు. చిట్టి ఆదివారాలు ఫోన్లోనే ఏదో క్లాసు వినడం మొదలుపెట్టింది. మనం పెట్టినవి నలుగురూ ఆగి చూడాలంటే ఏం చెయ్యాలో చెప్పే క్లాసు.

"జాకెట్టు ఎవరిక్కావాలక్కా? జనానికి మనిషి కావాలట," అంది ఒకరోజు గుండీలు కుడుతూ.

"జాకెట్టు లోపల ఉండేదెవరే మరి, మేకపిల్లా?"

"నవ్వకు. నోరు తెరిచి చెప్పుకోలేని మాట ఒకటి చెప్పాలట. అప్పుడే చూసేవాళ్ల వేలు ఆగుతుందట. చివర్లో ఒక ప్రశ్న వెయ్యాలట, అప్పుడు వాళ్లూ ఏదో ఒకటి రాస్తారట."

"అయితే నీ గురక గురించి పెట్టు. వీధి వీధంతా రాస్తుంది."

చిట్టి నవ్వలేదు. "చెప్పుకోడానికి నా దగ్గరేముందక్కా?" అంది. అక్క చాక్‌ముక్క వెతుక్కుంటూ ఆ మాట పట్టించుకోలేదు.

గురువారం ఫోన్ టింగుమంది. అక్క చూస్తే తన చేతులే. వేళ్ల మధ్య దారం, దారానికి ముడి. ఎంత బాగా తీసిందో అని మురిసిపోయి గుండె నొక్కింది. ఆ తర్వాతే ఫొటో కింద బారెడు రాత ఉందని చూసింది.

"ఏం రాశావే ఇంత?"

"నీ పని గురించేలే అక్కా," అంది చిట్టి, మిషన్ మీంచి తలెత్తకుండా.

మర్నాటి నుంచి కొట్టు కిటకిటలాడింది. కొత్త మొహాలు గుమ్మంలో నిలబడి గోడమీది దారాలకి ఫొటోలు తీసుకున్నాయి. అక్క పొంగిపోయింది. అయితే పాతవాళ్ల తీరే అంతుపట్టలేదు. గీచి గీచి బేరమాడే బ్యాంకు మేడం నోరెత్తకుండా వెళ్తూ, అక్క భుజం తట్టింది. పదేళ్లుగా అక్క చేతి కోటే వేసుకుంటున్న లాయరమ్మ గొంతు తగ్గించి, "ఏమనుకోకు, ఈసారి ఒకసారి టేపుతో కూడా చూడమని చెల్లికి చెప్తావా?" అంది.

ఆ మాట అక్కకి సూదిలా దిగింది. పదేళ్లలో ఆ కోటు ఒక్కసారైనా బిగుతైందా, వదులైందా? 

ఆ రోజే మధ్యాహ్నం, ఆ వీధిలోనే ఉండే రిటైరైన టీచరమ్మ వచ్చింది. రంగు కాగితం చుట్టిన పొట్లం ఒకటి చేతిలో పెట్టి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు ఒక్కో మాటే పలికింది. "బొమ్మలు, కూడా, ఉన్నాయమ్మా. సిగ్గు, పడకు."

అక్క కాగితం విప్పింది. లోపల అట్ట మీద ఆవు, ఉడుత, పలక పట్టుకున్న చిన్నపిల్ల. అ ఆల పుస్తకం.

"మీకెవరు చెప్పారు?"

"అదేమిటి, నువ్వే లైకు కొట్టావుగా! అందరికన్నా ముందు నీదే. ఎంత ధైర్యమో అనుకున్నాను."

చిట్టి అప్పుడు గుండీల కోసం బజారుకెళ్లింది. అక్క తన ఫోన్ టీచరమ్మ చేతికిచ్చి, "మొత్తం చదవండి," అంది.

టీచరమ్మ పాఠం చదివినట్టే చదివింది. "మా అక్క టేపు వాడదు. అది కళ అనుకుంటున్నారు మీరంతా. కాదు. మా అక్కకి అంకెలు రావు. బడిలో ఆమెని మొద్దు అని పిలిచేవారు..." అక్కడి నుంచి గోడకుర్చీలు, బస్సు బోర్డులు, మందుల చీటీలు, ఒక్కటీ వదల్లేదు. "మీ ఇంట్లో కూడా ఇలా దాక్కుని బతికే మనిషి ఉన్నారా?" దాని కింద నలభై వేల గుండె గుర్తులు.

మొద్దు అన్న మాట అక్క జన్మలో ఒక్కసారే పైకి చెప్పుకుంది. జ్వరంతో పడుకున్న రోజు, చెల్లెలి ఒళ్లో తల పెట్టుకుని.

చిట్టి గుండీల సంచితో వచ్చేసరికి టీచరమ్మ వెళ్లిపోయింది. బల్ల మీద పుస్తకం ఉంది. దాన్ని చూడగానే చిట్టికి అర్థమైంది.

"అందరూ నిన్ను మెచ్చుకుంటున్నారక్కా. ఒక్కరు కూడా చెడ్డగా రాయలేదు."

"మెచ్చుకుంటోంది నిన్ను. నన్ను చూసి జాలిపడుతున్నారు. లాయరమ్మ టేపు అడిగిందే!"

"నీ దగ్గర దాచి పెట్టానా? నీకూ వచ్చింది కదా. నువ్వే నొక్కావు."

కళ్లులేనివాడి చేత వేలిముద్ర వేయించుకుని, "సంతకం నీదే కదా" అన్నట్టుంది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? ఇరవై ఏళ్లుగా అక్కకి కళ్లు ఈ పిల్లే.

"నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశావే."

"చిన్నప్పటి మాటక్కా అది," అంది చిట్టి. ఒట్టు తీసి గట్టున పెట్టడం ఇంత తేలిక.

నాలుగు రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఒకే అన్నం వండుకుని చెరో మూల తిన్నారు. లాయరమ్మ కోటుకి చిట్టి టేపు పెట్టి కొలిచి, అంకెలు పుస్తకంలో రాసుకుంది. అక్క ఊరుకోలేక గోడ మీది దారం తీసి టేపు పక్కన పరిచింది. వెంట్రుకవాసి తేడా లేదు. ఆ సంగతి మాత్రం ఎవరూ పేజీలో పెట్టలేదు.

ఐదో రోజు పొద్దున చిట్టి కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఫోన్ పట్టుకుని అక్క ముందు కూర్చుంది.

"సారీ చెప్తూ పెట్టానక్కా. చదవనా?"

అక్క తలూపింది.

"నేను తప్పు చేశాను. మా అక్క నా దగ్గర దాచుకున్న మాటని నలుగురిలో పెట్టాను. ఆమె చేతిలో ఉన్నది కళే. అది చూడలేకపోయింది నేనే. నన్ను క్షమించక్కా." అక్కడితో చిట్టి ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

అక్క గుండె కరిగిపోయింది. ఎంతైనా ఎత్తుకు పెంచిన పిల్ల. "అంతేనా?" అంది కళ్లు తుడుచుకుంటూ.

"అంతే."

అక్క తన ఫోన్ తీసింది. వేలు గుండె బొమ్మ దాకా వెళ్లింది. అక్కడ ఆగిపోయింది. "టీ తాగొస్తా," అని లేచి, ఫోన్ చేతిలోనే పట్టుకుని పక్క జిరాక్సు కొట్లోకి వెళ్లింది. రెండు కొట్లకీ మధ్య అడ్డం చెక్క గోడే. అవతల చిట్టి మిషన్ మళ్లీ హుషారుగా మొదలైన చప్పుడు వినిపించింది.

జిరాక్సు కొట్టు పెద్దాయన కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని చదివాడు. ఒక్క మాట తేడా లేదు, చిట్టి చదివిందే. అనుమానపడినందుకు అక్కకి తన మీదే సిగ్గేసింది. ఫోన్ కోసం చెయ్యి చాపింది.

"ఉండమ్మా, ఇంకా ఉంది. ఇక్కడ నొక్కితే కింద తెరుచుకుంటోంది," అని ఆయన మిగిలింది చదివాడు. "నాలుగు రోజులుగా అక్క నాతో మాట్లాడటం లేదు. మీరైతే నన్ను క్షమిస్తారా? కామెంట్లో చెప్పండి."

అక్క కాపీ మిషన్‌కి ఆనుకుని నిలబడింది. అది వెచ్చగా ఉంది. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా లోపల ఏదో ఒకటి మిగలాలి.

"అడిగింది కదా. జవాబు చెప్పాలిగా," అంది. "నా పేరు మీద రాస్తారా?"

"చెప్పమ్మా."

"చివరి మాటలు నా చెల్లి నాకు చదవలేదు. అని రాయండి."

పెద్దాయన ఆమె మొహంలోకి చూసి, ఒంటివేలితో మెల్లగా రాశాడు. "ఇంకేమన్నా?"

"అంతే. ఒకసారి చదివి చెప్పండి."

చదివాడు. "ఉన్నదే చదివానమ్మా," అన్నాడు.

తర్వాత పంపాడు. చెక్క గోడ అవతల ఫోన్ టింగుమంది. చిట్టి మిషన్ ఇంకో నాలుగు కుట్లు వేసి ఆగింది.