అంతయ్య చూపించిన పాము

అంతయ్య గుడ్డసంచి విప్పి కప్పల్ని ఒక్కొక్కటిగా సీసాల్లోకి జారవిడుస్తున్నాడు. జన్నారం అడవి అంచున విశ్వవిద్యాలయం వాళ్లు గుడారాలు వేసి అది ఐదో రోజు. 1961 వానాకాలం. జంతుశాస్త్ర విభాగంలో అతను పద్దెనిమిదేళ్లుగా అటెండరు. చచ్చిన జీవాలను నిల్వ ఉంచే మందునీళ్లలో నాని నాని వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి, చర్మం చెక్కులుగా లేచింది.

బల్లులున్నాయని విద్యార్థులు ఇచ్చిన రెండో సంచిలో చెయ్యి పెట్టగానే ఏదో గీరుకున్నట్టయింది. బొటనవేలి పక్కన రెండు సన్నని చుక్కలు. సంచి అడుగున జానెడు పాముపిల్ల, నల్లటి ఒంటిమీద తెల్లని పట్టీలు. దాన్ని పట్టకారుతో పట్టి సీసాలో వేశాడు.

"సారూ, కట్లపాము కరిచింది," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

ప్రొఫెసర్ రామచంద్రం సీసాను వెలుగులో తిప్పి చూశాడు. ముఖం వికసించింది. విద్యార్థులందర్నీ కేకేశాడు.

"చూడండి, ఇది విషం లేని పాము. కట్లపాము వేషమేసుకుంది. లక్షల ఏండ్లల్ల, ఇట్ల కనబడ్డవే గద్దల నోట్ల పడకుండ బతికినయి. నిన్నటి పాఠం ఇదే. అంతయ్య సుత మోసపోయిండు!"

అందరూ నవ్వారు. అంతయ్య కూడా నవ్వబోయాడు.

"కాదు సారూ. వీపు నడిమి పొలుసులు పెద్దగున్నయి, అసలు కట్లపాముకే అట్లుంటయి. జర జీపుల మంచిర్యాల దవాఖానకు..."

"పొలుసుల సంగతి నాకు నేర్పుతవా? నొప్పి ఉన్నదా?"

"లేదు సారూ."

"వాపు?"

"లేదు."

"మరింకేంది? నాలుగింటికి జీపు పోతది, అప్పుడు పో."

ఆ పొలుసులు చూడటం అంతయ్యకు నేర్పింది రామచంద్రమే. పాఠం అయ్యేదాకా అంతయ్య చెయ్యి చాచి నిలబడ్డాడు. విద్యార్థులు కాటు గుర్తుల్ని నోటుపుస్తకాల్లో గీసుకున్నారు.

మధ్యాహ్నానికి కడుపులో మెలిపెట్టింది. ఒక చేత్తో కనురెప్ప ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో సీసాలకు చీటీలు అంటిస్తున్నాడు.

"నిద్రస్తుందా అంతయ్యా?" అన్నాడు రాజం అనే విద్యార్థి.

"రెప్పలు లేస్తలేవు బిడ్డా. సారుకు చెప్పు." మాట ముద్దముద్దగా వచ్చింది.

రాజం ప్రొఫెసర్ గుడారం దాకా వెళ్లాడు. ఆయన భోంచేసి నిద్రపోతున్నాడు. పరీక్ష మార్కులు ఆయన చేతిలోనే ఉన్నాయి. రాజం ఆయన్ని లేపకుండానే తిరిగొచ్చాడు.

"లేవంగనే చెప్త."

అంతయ్య తల ఊపాడు. ఇంకేదో చెప్పబోయాడు. ఊళ్లో ఉన్న భార్య చంద్రవ్వ పేరొక్కటే రాజానికి అర్థమయింది.

రామచంద్రం లేచి అంతయ్యను చూశాక, మూడింటికే జీపు కదిలింది. లక్షెట్టిపేట చేరకముందే అంతయ్య ఊపిరి ఆగింది. ముందు సీట్లో కూర్చున్న రామచంద్రం రెండుసార్లు "ఎట్లున్నడు?" అని అడిగాడు. వెనక రాజం ఒళ్లో అంతయ్య తల జీపు కుదుపులకు అటూ ఇటూ ఊగింది.

శవాన్ని ఊరికి పంపించి, మరునాడు రామచంద్రం గుడారం తెర దించుకుని, మందునీళ్లలో బిగుసుకుపోయిన పామును భూతద్దం కింద పెట్టాడు. చాలాసేపు చూశాడు. చీటీ మీది పేరు కొట్టేసి కట్లపాము అని రాశాడు. బయటికొచ్చి, చేపల కోసం వాగుకు బయలుదేరమని విద్యార్థులకు చెప్పాడు. వాళ్లు వలలు భుజాన వేసుకున్నారు.

గుడారాల వెనక తాడు మీద అంతయ్య ధోవతి ఒకటి ఆరేసి ఉంది. ముసురు పట్టింది. దాన్ని ఎవరూ లోపలికి తియ్యలేదు. అంచు నుంచి నీళ్లు ఒక్కొక్క బొట్టే మట్టిలోకి కారుతున్నాయి.