కొత్త తినని ఇల్లు

ఊళ్ళో అందరూ మామిడిపండ్లు తిని టెంకలు ఎండబెట్టుకుంటున్నారు. భీమన్న ఇంట్లో ఇంకా ఎవరూ నోట పెట్టలేదు. ఇది మూడో వేసవి.

కొండ మీది ఆనవాయితీ చిన్నదే. కొత్తగా కాసింది ఏదైనా ముందు పోయినవాళ్ళు తినాలి, ఆ తర్వాతే ఉన్నవాళ్ళు. చైత్రంలో ఊరంతా కలిసి మామిడి కొత్త చేస్తారు. ఆ పైన ఏ ఇంటికి ఆ ఇంటి పెద్ద పొయ్యి పక్కన అడ్డాకు విస్తరి వేసి, తన వాళ్ళలో పోయినవాళ్ళని పేరు పేరునా పిలిచి పండు పెడతాడు. అప్పుడు మిగతావి తన చేత్తో ఇంట్లోవాళ్ళకి పంచుతాడు. ఆ ఆకు పడేదాకా ఆ ఇంటి మనిషి ఎక్కడా మామిడి ముట్టడు. సంతలో కొనడు, చుట్టాలు పెట్టినా తినడు.

భీమన్న ఆకు వేయడం మానేశాడు. వేస్తే తన తాత, తన అయ్య, తన అమ్మ, వాళ్ళ వెనక గంగ పేరు పిలవాలి. భార్యని ఆ వరుసలో కూర్చోబెట్టడానికి అతనికి నోరు రాలేదు. మొదటి ఏడు ఊళ్ళోవాళ్ళు అడిగారు. "నా ఇల్లు, నా నోరు" అన్నాడు. మళ్ళీ అడగలేదు.

మనవరాలు బేబికి ఆరో ఏడు నడుస్తోంది. మామిడిపండు ఎలా ఉంటుందో దానికి గుర్తులేదు. సావాసగాళ్ళు వీధిలో టెంకలు చీకుతుంటే వాళ్ళ నోళ్ళకేసి చూస్తూ నిలబడేది. కోడలు గాయత్రి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయేది. మామగారిని ఒక్క మాట అనేది కాదు. అంటే బావుండునని భీమన్నకి ఒక్కోసారి అనిపించేది. తిరిగి అనడానికి మాటలు సిద్ధంగా ఉన్నాయి.

కొడుకు ధనుంజయ్‌కి జీపు ఉంది. వేసవి వచ్చిందంటే కింద ఊళ్ళనుంచి షికారుకి వచ్చినవాళ్ళ పిల్లల్ని ఎక్కించుకుని గుహలూ జలపాతాలూ తిప్పుతాడు. గంగ గుండె పట్టుకుని కూలబడిన రోజు కూడా అతను ఎవరి పిల్లలకో గుహలు చూపిస్తున్నాడు. ఫోను అందలేదు. ఆటో దొరికేసరికి పొద్దు వాలింది. డుంబ్రిగుడ ఆసుపత్రి దారిలో రెండో మలుపు దగ్గర ఆమె ప్రాణం పోయింది. జీపు ఉన్నా ఆగే ప్రాణం కాదని ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది. నర్సమ్మ మాట భీమన్న నమ్మలేదు. ఆ జీపు ఎక్కనన్నాడు. కొడుకుతో నేరుగా మాట్లాడటం కూడా ఆనాటితో సరి.

"రేపు బేరం ఒప్పుకోనేదు," అన్నాడు ధనుంజయ్ ఆ సాయంత్రం. "పిల్లల్ని సాపరాయి గెడ్డ కాడికి తీసుకెల్తాను, నీల్లలో ఆడతారు. ఊళ్ళోవోల్లందరికీ సూపించాను, నా పిల్లలకే సూపించనేదు. అయ్యా, నువ్వూ రా."

భీమన్న మనవరాలి వైపు తిరిగాడు. "మీ అయ్యకి సెప్పు. నాను జీపు ఎక్కను."

"తాత జీపు ఎక్కడంట," అంది బేబి.

"ఇన్నానమ్మా."

"అయితే నడిసి రా తాతా. నానూ నీతో నడిసి వత్తాను."

గాయత్రికి నవ్వొచ్చింది. "సంత దాకా నడిస్తే ఎత్తుకోమని ఏడుత్తాది. ఇది కొండెక్కి దిగుతాదంట."

"ఎత్తుకోమన్నాదంటే గెడ్డలో పడేసి వత్తాను," అన్నాడు భీమన్న.

వస్తానని అతను అనలేదు. కానీ తెల్లారేసరికి కర్ర పట్టుకుని గడపలో నిలబడి ఉన్నాడు.

రోడ్డు కొండ చుట్టూ తిరిగి పోతుంది. కాలిబాట కాఫీ తోటల్లోంచి నేరుగా ఎక్కి అవతలకి దిగుతుంది. బేబి ముందు పరిగెత్తింది, తర్వాత పక్కన నడిచింది, ఎక్కుడు మొదలయ్యాక వెనకపడింది. ఎత్తుకోమని అడగలేదు. అడిగితే ఎత్తుకుందామని భీమన్న రెండుసార్లు ఆగి చూశాడు. అది మొహం తిప్పుకుని, కాలి వేళ్ళతో మట్టి పట్టుకుని ఎక్కింది. ఈ మొండితనం ఎవరిదో అతనికి తెలుసు.

కొండ నెత్తిన గంగ మామిడి ఉంది. చోడిచేను కాపలాకి వచ్చినప్పుడల్లా గంగ ఆ చెట్టు కిందే కూర్చునేది. ఇది నాది, ఎవరూ రాయి విసరకూడదని ఊళ్ళో చెప్పి పెట్టింది. ఇప్పుడు కొమ్మలు బరువుతో వంగి ఉన్నాయి. కింద పండ్లు రాలి ఉన్నాయి. భీమన్న తల దించుకుని చెట్టు దాటిపోయాడు.

కాసేపటికి వెనక అడుగుల చప్పుడు లేదు. తిరిగి చూశాడు. బేబి చెట్టు దగ్గరే ఉంది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఏటి సేత్తన్నావు?"

"ఏటీ నేదు."

దగ్గరికి వెళ్ళాడు. దాని పెదవి పక్కన సొన అంటుకుని ఎర్రగా పొంగింది.

"తిన్నావా?"

"తిననేదు. నాకాను." కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "తొడిమి కాడే. ఒక్కసారే."

కొట్టాలనే చెయ్యి లేపాడు. లేచిన చెయ్యి భుజాన ఉన్న తువ్వాలు తీసింది. సీసాలో నీళ్ళతో తువ్వాలు తడిపి పెదవి తుడిచాడు.

"మంటగా ఉందా?"

"నేదు." ఏడుపు దిగమింగింది. "తాతా, నానమ్మ నన్ను తిడతాదా?"

"పోయినోల్లు తిట్టరు."

"ముందు ఆల్లు తినాల కదా. నాను ముందే నాకేసాను. నానమ్మ ఇంకా తిననేదు కదా. నిరుడూ తిననేదు, ముందటేడూ తిననేదు. ఆకలి మీద ఉంటే అమ్మైనా తిడతాది."

బేబి భయం నిజం. అది పండు కోసం ఆడిన మాట కాదు. వెనక దాచిన పండుని మెల్లగా చెట్టు మొదట్లో పెట్టేసి, చేతులు గౌనుకి తుడుచుకుంది.

భీమన్న అక్కడే చతికిలపడ్డాడు. ఈ మూడు వేసవులూ నోరు కట్టుకున్నది తానే అనుకున్నాడు. గంగకి ఆకలి ఆగదు. అన్నం ఆలస్యమైతే గిన్నెలు మోగేవి, మాట మాటకీ కయ్యం పెట్టుకునేది. అలాంటి మనిషిని ఇటు ఇంట్లోకీ రానివ్వక, అటు వరుసలోకీ పోనివ్వక గడప బయట నిలబెట్టాడు. ఆమె వెనక తన అమ్మా అయ్యా కూడా పస్తులే.

లేచి, తువ్వాలు పరిచి, పగలని పండ్లు చూసి చూసి ఏరాడు.

"అవి ఎవరికి తాతా?"

"అడక్కు. నాకింది నీదే, తెచ్చుకో. బేగి నడువు."

చాపరాయి దగ్గరికి వాళ్ళే ముందు చేరారు. పల్చటి నీళ్ళు బల్లపరుపు రాతి మీద జారిపోతున్నాయి. అప్పటికే జనం దిగారు. బొంగు చికెన్ పొగ లేస్తోంది. జీపు చాలాసేపటికి వచ్చింది. సంత రోజు, డుంబ్రిగుడలో బళ్ళు ఆగిపోయాయి.

"మీ అయ్యకి సెప్పు," అన్నాడు భీమన్న. "జీపు కన్నా ఈ గుంట కాళ్ళే నయమని."

"కొండంతా ఇది నడిసిందా?" ధనుంజయ్ నమ్మలేదు.

"ఎత్తుకోమననేదు," అంది బేబి. "తాతకి నన్ను గెడ్డలో పడీడానికి ఈల్లేకపోయింది."

పిల్లలు నీళ్ళలోకి దిగారు. చిన్నోడు గోపికి ఏడాది దాటి చాలా రోజులైనా ఇంకా నడక రాలేదు. పట్టుకుంటే నిలబడతాడు, వదిలితే కూలబడతాడు. భీమన్న గట్టు పక్క తీగల్లోంచి అడ్డాకులు కోసుకొచ్చి, జనానికి వీపు పెట్టి కూర్చుని, వెదురు పుల్లలతో ఆకు కుట్టసాగాడు. వెనక ఒక్కసారి అరుపులు. తిరిగేసరికి గోపి రాతి మీద కూలబడి చప్పట్లు కొడుతున్నాడు.

"నడిసాడు మావా," అంది గాయత్రి. "నా కాడినుంచి ఆల్లయ్య కాడికి. సూసారా?"

అతను చూడలేదు. మళ్ళీ నడిపించమన్నాడు. గోపి మొరాయించాడు. ఎవరు పిలిచినా కదల్లేదు.

గాయత్రి ఆకు వైపు చూసింది. తువ్వాలు మూట వైపు చూసింది. నీళ్ళలో ఉన్న బేబిని పిలిచి తల తుడవడం మొదలెట్టింది.

"పొయ్యి రాజేసేలోపు ఇంటికాడ ఉండాల," అన్నాడు భీమన్న.

నడిస్తే అందదు. బేబి కాళ్ళు బొబ్బలెక్కాయి. జీపు వెనక తలుపు తీసి ఎక్కి, ఒళ్ళో మూట పెట్టుకుని కూర్చున్నాడు. ధనుంజయ్ అద్దంలో ఒకసారి చూసి బండి తీశాడు. ఎక్కినంత మాత్రాన భీమన్న దేన్నీ వదులుకోలేదు. పండ్లు నలగకూడదు, అంతే.

రెండో మలుపు దగ్గర జీపు ఆగింది. ధనుంజయ్ దిగి, పొదలోంచి ఒక రెమ్మ విరిచి, రోడ్డు వార ఒక కుప్ప మీద వేసి వచ్చాడు. భీమన్న తల బయటికి పెట్టి చూశాడు. ఎండిన రెమ్మలు, వాటి కింద ఇంకా ఎండినవి, అడుగున మట్టిలో కలిసిపోయినవి. మోకాలెత్తు కుప్ప.

"అయ్య ఎప్పుడూ ఇక్కడ ఆపుతాడు," అంది బేబి. "మనుసులున్నా ఆపుతాడు."

గంగ పోయాక ఆ దారిన భీమన్న బండిలో వచ్చింది లేదు. అతనికి తెలియదు. జీపు ఇంటి ముందు ఆగింది.

పొయ్యి పక్కన అలికిన నేల మీద ఆకు వేశాడు. పండ్లు పెట్టాడు. తాతని పిలిచాడు, అయ్యని పిలిచాడు, అమ్మని పిలిచాడు. ఆగాడు.

బేబి అతని మోచెయ్యి గీకింది. "నానమ్మ."

"గంగా," అన్నాడు, చేను గట్టు మీదనుంచి పిలిచినంత గట్టిగా. "రా. ఆలీసమైపోయింది. తిను."

పంచడం పెద్దవాడితో మొదలెట్టాలి. మంచి పండు ఏరి కొడుకు చేతిలో పెట్టాడు. మొహం చూడలేదు.

"తిను," అన్నాడు.

ధనుంజయ్ రెండు చేతులా అందుకున్నాడు. వెంటనే తినలేకపోయాడు.

తర్వాత గాయత్రికి. తర్వాత బేబికి. బేబి తాను నాకిన పండే కావాలంది. కొరికింది. నమిలింది. మొహం ముడుచుకుంది.

"పులుపు. మామిడిపండంటే ఇదేనా?"

"మీ నానమ్మ సెట్టు అంతే," అన్నాడు భీమన్న. "దాని నోరూ అంతే."

గాయత్రి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బేబి టెంక దాకా చీకి, పీచు పళ్ళలో ఇరుక్కుని ఉండగానే చెయ్యి చాపింది. "ఇంకోటి."

తువ్వాలు ఖాళీ. భీమన్న కొడుకు వైపు తిరిగాడు. "సెట్టు నిండా ఉన్నాయి. రేపు బుట్ట అట్టుకుని రా. కొండెక్కగలవా?"

"ఎత్తుకోమని ఏడవన్లే," అన్నాడు ధనుంజయ్.

అప్పుడే గోపి అమ్మ మోకాలు వదిలేశాడు. ఎవరూ పిలవలేదు. ఊగుతూ, చేతులు ముందుకు చాచి, ఆకులో ఉన్న పండ్ల వైపు నడిచాడు. ఈసారి భీమన్న చూశాడు.

"ఒరే, అది నానమ్మది," అని గాయత్రి లేవబోయింది.

"ఒగ్గేయమ్మా," అన్నాడు భీమన్న. "మీ అత్త తినేసుంటాది."