సంజీవి అంగడిలో కొనని పాయింటు

పాండీశ్వరి ఇంటి ముందుగదిలో ఒక రైలు తిరుగుతూ ఉండేది. గోడవార వేసిన ప్లైవుడ్ బల్ల మీద గుండ్రంగా పట్టాలు, వాటి మీద అరచేతిలో ఇమిడే నీలం ఇంజను, దాని వెనక నాలుగు పెట్టెలు. మద్రాసులో చదువుకునేటప్పుడు ఎవరో అమ్మేస్తుంటే ఆ ఇంజను కొనుక్కుంది. ఇప్పుడు తమిళనాడులోని సొంత ఊరు రాజపాళయంలోనే ఒక స్కాన్ సెంటర్లో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. సాయంత్రం ఇంటికి వచ్చి, ముఖం కడుక్కుని, స్విచ్చి తిప్పి ఆ బల్ల ముందు కూర్చుంటే రోజంతా పడిన అలసట తీరిపోయేది.

"ముప్పై దాటినాయి. ఈ బొమ్మ రైలు ఎందుకే నీకు?" అని చుట్టాలు అడిగేవారు. చిన్నప్పుడు అమ్మ మిల్లుకు పోయే దారిలో గేటు పడితే, అమ్మ కొంగు పట్టుకుని రైలు పోయేదాకా చూసేదాన్నని మొదట్లో చెప్పేది. తర్వాత చెప్పడం మానేసింది. "నాకు కావాల" అనేది, అంతే.

ఒకే రైలు ఒకే చుట్టు తిరగడం కొన్నాళ్ళకు చాలలేదు. బల్ల మీద రాజపాళయం స్టేషను కట్టాలనుకుంది. ఒక బండి స్టేషన్లో ఆగి ఉంటే ఇంకొకటి పక్క లైను మీద దాటిపోవాలి. దానికి ఒక లైను రెండుగా చీలేచోట వేసే పాయింటు కావాలి. ఊళ్ళో అవి దొరికేది ఒక్క సంజీవి అంగడిలోనే.

సంజీవి మిల్లులున్న కుటుంబం మనిషి. యాభై దాటాయి. మిల్లు పని తమ్ముళ్ళకు వదిలేసి, తన సరదా కొద్దీ తెన్‌కాశి రోడ్డులో ఇంటి కిందిభాగంలోనే ఈ అంగడి తెరిచాడు. అద్దాల బీరువాల నిండా ఇంజన్లు, పెట్టెలు, వేలెడంత సిగ్నల్ స్తంభాలు. పాండీశ్వరి లోపలికి వెళ్ళగానే "వాంగ, ఎన్న వేణుం?" అని, రమ్మంటూ ఏం కావాలంటూ తమిళంలో పలకరించాడు. ఆమె జవాబు చెప్పేలోపు ఇంటినుంచి ఫోను వచ్చింది.

"అమ్మా, అంగడిలో ఉండా. వచ్చేస్తా, ఫోను పెట్టేయి."

ఆ మాట విని సంజీవి ముఖం విప్పారింది. "మన తెలుగేనా! ముందే చెప్పకూడదామ్మా?" అంటూ స్టూలు జరిపాడు. బీరువా తాళం తీసి, అడగకుండానే ఒక ఆవిరి ఇంజను ఆమె చేతిలో పెట్టాడు. రైళ్ళ గురించి అంత ఇష్టంగా మాట్లాడే మనిషి ఆమెకు ఆ ఊళ్ళో మొదటిసారి తగిలాడు. ఆమెకు కావలసిన పాయింటు ఆ వారంలో వస్తుందట.

"ఆదివారం సాయంత్రం మేము కొందరం మేడ మీద కూడుకుంటాము. పట్టాలు పరిచిన పెద్ద లేఅవుట్ ఉండాది. నీ ఇంజను ఎత్తుకొని రా, అప్పుడే పాయింటు ఇస్తా," అన్నాడు. తర్వాత మాటల్లో మాటగా అడిగాడు. "ఏ తెరువు మీది?"

ఆ ఊళ్ళో ఏ వీధి అని అడిగేది దారి తెలుసుకోవడానికి కాదు. వీధి తెలిస్తే కులం తెలుస్తుంది. పక్క వీధి పేరు చెప్పి తప్పించుకునేవాళ్ళు ఉన్నారు. పాండీశ్వరి తన వీధి పేరే చెప్పింది, గొంతు తగ్గించకుండా.

"ఓ," అన్నాడు సంజీవి. ఆమె చేతిలోని ఆవిరి ఇంజను తీసుకుని బీరువాలో పెట్టాడు. "సరి సరి. ఆదివారం రా."

వెళ్ళింది. మేడ మీది హాలు సగం ఆ లేఅవుటే. కొండలు, వంతెనలు, సొరంగాలు. ఆమె నీలం ఇంజనుకు అక్కడి పెట్టెలు పొడుగ్గా తగిలించి వదిలితే అది ఆగకుండా సొరంగం దాటి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. బ్యాంకులో పనిచేసే కార్తిక్ అనే కుర్రవాడు "అక్కా, దీని మోటారు సూపర్" అన్నాడు. పాండీశ్వరికి నవ్వు ఆగలేదు.

అంతలో సంజీవి లోపలినుంచి కాఫీ పళ్ళెం తెచ్చాడు. అందరికీ స్టీలు టంబ్లర్లు ఇచ్చాడు. ఆమె దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం అంచున ఉన్న పేపర్ కప్పు తీసి అందించాడు. పళ్ళెంలో ఇంకా ఒక నిండు టంబ్లరు మిగిలే ఉంది. దాని మీద ఆవిరి కూడా కనిపిస్తోంది.

"సార్, నాకూ టంబ్లరే ఇవ్వండి," అంది.

"కాఫీ ఒకటేనమ్మా."

"కాఫీ ఒకటే అయితే టంబ్లరూ ఒకటే ఉండాల కదా సార్?"

సంజీవి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "లోపల అమ్మ ఉండాది. పాతకాలం మనిషి, ఏం చేసేది? నువ్వు తప్పుగా ఎత్తుకోవద్దు. పాయింటు వచ్చేసింది, నీకని ధర తగ్గించి ఇస్తా."

హాల్లో ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు. ఇంకొకాయన వంతెన మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు. పాండీశ్వరి కప్పును తిరిగి పళ్ళెంలో పెట్టింది.

"ఆ పాయింటు బీరువాలోనే ఉండనీ సార్. ఈ అంగడిలో నాకేమీ వద్దు."

లేఅవుట్ దగ్గరికి వెళ్ళి తన ఇంజనును పెట్టెల నుంచి విడదీసి సంచిలో వేసుకుంది. ఇంజను లేని బండి వంతెన మీద అలాగే నిలబడిపోయింది. ఎవరి ముఖమూ చూడకుండా మెట్లు దిగింది.

కార్తిక్ వెనకే పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, నిలువు. నేనూ చూసినా. తప్పే. కాని వేరే అంగడి లేదే ఇక్కడ? కొంచెం అడ్జస్ట్ చేసుకుంటే..."

"అడ్జస్ట్ చేసుకోమని ఆయనకు చెప్పినావా?"

అతను తల తిప్పి మేడ వైపు చూశాడు.

"నీ చేతిలో ఏముందో చూసుకో కార్తిక్."

కాఫీ టంబ్లరు పట్టుకునే కిందికి వచ్చేశాడని అతనికి అప్పుడు తెలిసింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక అక్కడే నిలబడ్డాడు. పాండీశ్వరి స్కూటరు స్టార్ట్ చేసింది.

ఇంట్లో అమ్మ పాక్కియం అంతా విన్నది. ఆస్పత్రులకు పోయే బేండేజీ బట్ట మిల్లులో మోకాళ్ళు అరిగేదాకా పనిచేసిన మనిషి.

"తాగినావా ఆ కాఫీ?"

"లేదు."

"మంచిది." మోకాలు రుద్దుకుంటూ మళ్ళీ అంది, "మా కాలంలో ఇస్తే తాగేసి వస్తిమి. కడుపులో మంట మటుకు ఇంటికి ఎత్తుకొని వస్తిమి. నువ్వు అక్కడే వదిలేసి వస్తివి. ఇంక ఎందుకు ఏడ్చేది? వేరే ఊళ్ళో అంగళ్ళు లేవా?"

మదురైలో ఒకటి ఉంది. సెలవు పెట్టి వెళ్ళింది. ఆ అంగడాయన మర్యాదగానే మాట్లాడాడు కాని, రాజపాళయం ఉన్న విరుదునగర్ జిల్లా సరుకంతా సంజీవి ద్వారానే ఇస్తామని, ఆయనకు ఒక్క మాట చెప్తే చాలని అన్నాడు. ఆ ఒక్క మాట తాను చెప్పనంది. ఫోన్లో ఆర్డరు పెట్టిన పాయింటు ఎక్కడెక్కడో తిరిగి, విరిగి వచ్చింది. తిప్పి పంపింది. పైగా సంజీవి అంగడి ముందునుంచే రోజూ పనికి పోయేది. అద్దం వెనక పాయింట్ల డబ్బాలు వరసగా కనిపించేవి. ఒకరోజు స్కూటరు దానంతటదే నెమ్మదించినట్టయింది. తనను తానే తిట్టుకుని యాక్సిలరేటర్ తిప్పింది.

చివరికి వెతగ్గా వెతగ్గా కోయంబత్తూరులో కళైయరసన్ అనే అతని నంబరు దొరికింది. చిన్న షెడ్డులో పట్టాలు, వాటి కింద అడ్డంగా వేసే స్లీపర్లు తనే చేసి అమ్ముతాడు. ఫోను చేసి, పేరు చెప్పి, రాజపాళయం అంది. తరువాతి ప్రశ్న కోసం పళ్ళు బిగించి కూర్చుంది.

"ఏ గేజు?" అని అడిగాడతను.

"ఆఁ?"

"ఏ గేజు పట్టాలు కావాలి? నేను పని మధ్యలో ఉన్నాను, కాస్త త్వరగా చెప్పండి."

పాండీశ్వరి గట్టిగా నవ్వేసింది. అతనికి ఎందుకో అర్థం కాలేదు. తన దగ్గర తయారైన పాయింట్లు లేవని, పట్టాలూ రాగి పూసిన స్లీపర్లూ పంపుతానని, పాయింటు ఆమే అతికించుకోవాలని చెప్పాడు. చేతకాకపోతే ఫోను చేయమన్నాడు.

పార్సిలు వచ్చింది. పాక్కియం పట్టాలను పటకారుతో కదలకుండా పట్టుకుంటే పాండీశ్వరి వేడి సోల్డరింగ్ ఐరనుతో సీసం కరిగించి అంటించేది. మొదటిది వంకర పోయింది. రెండోది చూడ్డానికి బాగుంది కాని ఇంజను దాని మీదికి రాగానే కరెంటు షార్టయి ఆగిపోయింది. చెయ్యి కాలింది. కోపం వచ్చి పాయింటును గోడకేసి కొట్టింది.

"అంగడిలో కొని ఉంటే అయిపోయేది," అంది, కళ్ళల్లో నీళ్ళతో.

"పోయి కొను మరి," అంది పాక్కియం. పటకారు కింద పెట్టలేదు.

పాండీశ్వరి ముక్కు తుడుచుకుని కోయంబత్తూరుకు ఫోను చేసింది. రెండు పట్టాల మధ్య స్లీపరు మీది రాగిని గీసి తెంచాలని కళైయరసన్ చెప్పాడు. మూడోది అతికి, అలాగే గీసింది. ఈసారి ఇంజను టకటకమని శబ్దం చేస్తూ పక్క లైనుకు మళ్ళింది. తల్లీకూతుళ్ళు అర్ధగంట సేపు అదే చూశారు. తరువాత స్టేషను వెనక కొండలకు పాక్కియం తన మిల్లు బట్టే తెచ్చి, ప్లాస్టరులో ముంచి పరిచింది.

ఆ నెలలోనే స్కాన్ సెంటరుకు ఒక ముసలామె మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చింది. చీటీ మీద పేరు జానకియమ్మాళ్. బయట కుర్చీలో సంజీవి. పాండీశ్వరిని చూసి లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

ఎక్స్‌రే గదిలో పాండీశ్వరి ముసలామె చేతిని మెల్లగా బల్ల మీద తిప్పి పెట్టింది. ఆమె గట్టి మనిషి, నొప్పిలోనూ మాట్లాడుతూనే ఉంది.

"నా కొడుకు అంగడి తెలుసునా? రైళ్ళు?"

"తెలుసు. ఒక ఆదివారం మేడ మీదికి వచ్చినా."

"కాఫీ తాగినావా? నేనే కలిపి పంపేది."

"టంబ్లరులో ఇస్తే తాగి ఉండేదాన్ని. నాకు పేపర్ కప్పు ఇచ్చినాడు. మీరు ఒప్పుకోరని చెప్పినాడు."

జానకియమ్మాళ్ తల తిప్పి ఆమెను చూసింది. "నేనా? తలకు ఒకటని లెక్కపెట్టి పంపినా. ఒకటి నిండుగా తిరిగి వచ్చె. ఎవరో తాగలేదని చెప్పినాడు." ఆగి అడిగింది. "ఏ తెరువు నీది?"

పాండీశ్వరి చెప్పింది. ముసలామె చూపు బల్ల మీది తన చేతి మీదికి పోయింది. చెయ్యి మాత్రం వెనక్కి లాక్కోలేదు. "నొస్తా ఉండాది. త్వరగా తీయి," అంది చివరికి.

బయటికి వచ్చాక సంజీవి వరండాలో ఎదురొచ్చాడు. "అమ్మ ఏమైనా చెప్పిందా?"

"టంబ్లర్లు లెక్కపెట్టి పంపినానని చెప్పినారు సార్. ఆ కప్పు తెచ్చింది మీరే. పేరు మటుకు మీ అమ్మది."

అతని ముఖం ఎర్రబడింది. "మిగతావాళ్ళు ఏమనుకుంటారో అని..."

"వాళ్ళను అడిగితిరా?"

"సరి, అయింది అయిపోయె. ఇంక అట్లా జరగదు. నీ పాయింటు ఎత్తి పెట్టి ఉండా. ఊరికే ఇస్తా, వచ్చి తీసుకో."

"నాకు పాయింటు ఉండాది సార్."

"ఎక్కడ కొన్నావు?"

"కోయంబత్తూరులో పట్టాలు కొన్నా. పాయింటు నేనే చేసినా. ఇంకొకటి కూడా చేస్తా. మీరు ఊరికే ఇచ్చినా, కాళ్ళు పట్టుకుని ఇచ్చినా, ఆ అంగడి మెట్టు నేను ఎక్కను. అమ్మగారి ఫిలిం పది నిమిషాల్లో వస్తాది, కూర్చోండి."

అతను కూర్చున్నాడు.

సంజీవి అంగడి ఇప్పటికీ నడుస్తోంది. ఆదివారాలు మేడ మీద కాఫీలూ నడుస్తున్నాయి. వెళ్ళేవాళ్ళు వెళ్తూనే ఉన్నారు. కార్తిక్ ఒక ఆదివారం పాండీశ్వరి వీధి మొదట్లో బండి ఆపి చాలాసేపు నిలబడి, ఆఖరికి లోపలికి వచ్చాడు. ఆమె రమ్మననూ లేదు, పొమ్మననూ లేదు. కాసేపు చూసి, "ఆ కోయంబత్తూరు నంబరు నాకూ ఇస్తావా అక్కా?" అని అడిగాడు.

"పాయింటు అతకడం కష్టం. చెయ్యి కాలతాది," అంది.

"కాలనీ."

నంబరు ఇచ్చింది. పాక్కియం కార్తిక్‌ను పక్కకు జరగమని కంట్రోలరు ముందు కూర్చుంది. ప్యాసింజరు బండిని స్టేషన్లో ఆపి, పాయింటు తిప్పి, రెండో బండిని వదిలింది. అది ప్లాస్టరు కొండల పక్కగా వేగంగా వచ్చి, ఆగి ఉన్న బండిని దాటుకుంటూ పోయింది.