టపా తాతకు దప్పికైన రోజు

పెంచలమ్మ పొద్దున్నే లేచి టీ పెట్టేసరికి కూతురు రమణి బూట్లు కట్టుకుని సిద్ధంగా ఉంటుంది. గేటు బయట పెంచలమ్మ మామ ఎదురుచూస్తుంటాడు. ఆయన చనిపోయి చాలా ఏళ్ళయింది. కడప కొండల్లో టపా మూట మోసుకుంటూ పరుగెత్తిన మనిషి. ఇప్పుడూ అదే మూట, అదే గజ్జెల కర్ర, అవే వట్టికాళ్ళు. ఇక్కడ ఈ అరబ్బు దేశంలో, అజైబా బీచిలో రోజూ మనవరాలితో పరుగెత్తుతాడు. డ్రైవరు దస్తగిర్ కారు తుడుస్తూ ఆయనకు సలాం చెబుతాడు.

దారంతా తాత ఎగతాళే. ఈ కాలం వాళ్ళకు మెత్తటి బూట్లు కావాలి, అడుగడుక్కీ నీళ్ళు కావాలి. తమ రోజుల్లో టపా దించేదాకా గుక్కెడు ముట్టలేదనేవాడు. రమణికి రోషం వచ్చింది. శుక్రవారం సమాయిల్ ఊళ్ళో జరిగే పరుగు పందెంలో తానూ చివరిదాకా నీళ్ళు ముట్టనంది.

మొన్న బీచిలో నీళ్ళు తాగకుండా పరుగెత్తి ఇసుకలో పడిపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చుక్క చెమట లేదు. పెంచలమ్మ వద్దంటే బిడ్డ వినదు. మామకు చెబుదామంటే, కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆయన ఎదుట నోరు విప్పి ఎరగదు. ఏం కావాలన్నా తలుపు చాటు నుంచి గోడతో చెప్పినట్టు చెప్పేది.

శుక్రవారం దస్తగిర్ పెంచలమ్మను పందెం దారిలో, ఖర్జూరం తోటల దగ్గర దించాడు. ఎండ అప్పుడే మండుతోంది. ఆమె నీళ్ళ సీసా గట్టిగా పట్టుకుంది.

"భయమెందుకక్కా, నీ బిడ్డ ఒంటె మాదిరి," అన్నాడు దస్తగిర్.

"ఒంటె గూడా తాగుతాదిలే."

గజ్జెలు వినిపించాయి. ముందు తాత. వెనక రమణి, తూలుతూ. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ తల్లిని పోల్చుకోలేదు.

పెంచలమ్మ రోడ్డుకు అడ్డంగా పోయి నిలబడింది. మొదటిసారి ఆయన ఎదుట నోరు విప్పింది.

"మామా, ఈ ఒక్కసారికి ఓడిపోరాదా."

గజ్జెలు ఆగాయి. ఆయన కోడలి మొహంలోకి చూశాడు. తర్వాత భుజాన ఉన్న మూట తీసి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు.

"టపా చేరింది తల్లీ. నీళ్ళియ్యి, దప్పిగా ఉండాది."

ఒక్క గుక్క తాగి సీసా మనవరాలికి అందించాడు. రమణి దాని వైపు చూసింది, మూట వైపు చూసింది. తాగింది. తాగుతూనే తల్లి మీదికి కూలబడింది.

పెంచలమ్మ బిడ్డను ఒళ్ళోకి తీసుకుని, మెడ మీద చెయ్యి పెట్టి అట్లాగే కూర్చుంది. చాలాసేపటికి ఆ చేతికి తడి తగిలింది. చెమట.